మీటింగ్ లింకు నుంచి నోటరీ సీలు దాకా: ఒక మోసానికి పోస్టుమార్టం

అమెరికాలో ఆన్‌లైన్ నోటరీలను వీడియో మీటింగు పేరుతో బుట్టలో వేసే మోసం ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆపొచ్చో చూపించే కేసు ఇది. ఏ ఒక్క ఆఫీసు కథా కాదు. ఇలాంటి ఘటనల్లో పదే పదే కనిపించే అడుగులను వరుసగా పేర్చి ఒకే కేసుగా కూర్చాం. కాబట్టి ఇందులో పేర్లు, తేదీలు ఉండవు. నిమిషాలు ఉంటాయి, అవీ ఉజ్జాయింపుగానే.

ఆఫీసు చిన్నది. ఒక నోటరీ, ఒక అసిస్టెంటు. ఈమెయిల్, ఆన్‌లైన్ నోటరీ ప్లాట్‌ఫారం, డిజిటల్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సంతకం వేయడానికి వాడేది), సీలు బొమ్మ, బ్యాంకు ఖాతా అన్నీ ఒకే విండోస్ ల్యాప్‌టాప్‌లో. నోటరీ రోజూ లాగిన్ అయ్యేది కంప్యూటరు మీద పూర్తి హక్కులున్న అడ్మిన్ ఖాతాతోనే. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, దీనితో ముందు పని ఉంది.

నోటరీలే ఎందుకు

రహస్యమేమీ లేదు. నోటరీ పేరు, ఈమెయిల్, ఫోన్ నంబరు డైరెక్టరీల్లో అందరికీ కనబడేలా ఉంటాయి, లేకపోతే వ్యాపారం రాదు. ముక్కూ మొహం తెలియని వాళ్లు పంపిన కాగితాలు తెరవడం, వాళ్లతో వీడియోలో మాట్లాడటం ఆ ఉద్యోగంలో రోజువారీ పని. "తెలియనివాళ్ల అటాచ్‌మెంట్లు తెరవకండి" అనే సలహా అందరికీ పనికొస్తుందేమో గానీ నోటరీకి చెబితే కొట్టు మూసుకోమన్నట్టే.

దీనికి ఇంకో పాత అలవాటు కలిసింది. ఆన్‌లైన్ నోటరీకి వర్జీనియా 2012 జులై 1 నుంచే చట్టబద్ధత ఇచ్చింది. టెక్సస్ 2018 జులైలో, ఫ్లోరిడా 2020 జనవరిలో మొదలుపెట్టాయి. వీటిలో గుర్తింపు తనిఖీ, ఆడియో వీడియో రికార్డింగు, మార్పు చేస్తే బయటపడే సీలు ఉన్న ప్రత్యేక వ్యవస్థ తప్పనిసరి. కానీ 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు చాలా రాష్ట్రాలు అత్యవసర ఉత్తర్వులతో మామూలు వీడియో కాల్‌లోనూ నోటరీ చేయనిచ్చాయి. న్యూయార్క్ గవర్నరు ఉత్తర్వు ఆ నెలలోనే వచ్చింది. అక్కడ శాశ్వత చట్టం అమల్లోకి వచ్చింది మాత్రం 2023 జనవరి 31న. ఆ మధ్యకాలంలో జూమ్ లింకు పంపి "రండి, సంతకం చేస్తాను" అనడం మామూలైపోయింది. ఉత్తర్వులు పోయాయి, అలవాటు మిగిలింది. క్లయింటు పంపిన మీటింగు లింకును ఇవాళ్టికీ ఏ అనుమానమూ లేకుండా నొక్కే నోటరీలు ఉన్నారంటే కారణం అదే.

వల

వచ్చిన మెయిలు సారాంశం ఇది: "నమస్కారం. మా నాన్నగారి తరఫున పవర్ ఆఫ్ అటార్నీ, స్థలం దస్తావేజు నోటరీ చేయించాలి. మేం ప్రయాణంలో ఉన్నాం. ఈ వారంలోనే అవ్వాలి. కాగితాలు పంపేముందు పది నిమిషాలు మాట్లాడుకుంటే మంచిది, కింద మీటింగు లింకు ఉంది. మీ ఫీజు 400 డాలర్లయినా ఇబ్బంది లేదు."

ఇందులో అక్షర దోషాలేమీ లేవు. తప్పుల తడక ఇంగ్లీషుతో మోసగాణ్ణి పట్టేసే రోజులు పోయాయి. పట్టుకోవాల్సింది వృత్తికి సంబంధించిన లోపాలను.

ఫీజు మొదటిది. చాలా రాష్ట్రాల్లో నోటరీ రుసుముకు చట్టమే గరిష్ఠ పరిమితి పెడుతుంది. టెక్సస్, ఫ్లోరిడా, వర్జీనియాల్లో ఆన్‌లైన్ నోటరీ రుసుము ఒక్కో చర్యకు 25 డాలర్ల చొప్పున. ప్రయాణ ఖర్చులుండే మొబైల్ నోటరీకి, ఇల్లు కొనేవాళ్ల లోను కాగితాలకు లెక్క వేరుగా ఉండొచ్చు. కానీ రెండు సంతకాల పనికి అడక్కుండానే 400 ఇస్తానన్నవాడికి నోటరీ పనంటే తెలియదనైనా అనుకోవాలి, తెలిసే ఎర వేస్తున్నాడనైనా అనుకోవాలి.

"ముందు మాట్లాడుకుందాం" అన్నది రెండోది, అసలుది కూడా. ఆన్‌లైన్ నోటరీలో సంతకం చేసే మనిషి నోటరీ వాడే ప్లాట్‌ఫారంలోకి వస్తాడు. అక్కడే గుర్తింపు కార్డు చూపిస్తాడు, అక్కడే ప్రశ్నలకు జవాబులిస్తాడు. దానికి ముందు నోటరీ అతని మీటింగులోకి వెళ్లాల్సిన పనేమీ ఉండదు. సందేహాలుంటే ఫోను చేయొచ్చు. అతిథి మనింటికి రావాలి, మనం అతని గదికి పోకూడదు. ఈ కేసు మొత్తంలో దేన్ని పట్టుకున్నా చివరికి అక్కడికే తేలుతుంది.

పంపిన అడ్రసు నిజమైన రియల్ ఎస్టేట్ ఏజెంటుది. వాళ్ల మెయిల్‌బాక్సు అంతకుముందే దొంగల చేతికి చిక్కింది. జీమెయిల్‌లో "షో ఒరిజినల్" తెరిచి చూసినా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే పరీక్షలు మూడూ పాస్ అనే వస్తాయి, ఎందుకంటే మెయిలు నిజంగా ఆ డొమైన్ నుంచే వెళ్లింది. ఆ పరీక్షలు అడ్రసు అసలుదో కాదో చెబుతాయి. దాని వెనక కూర్చున్నది ఎవరో చెప్పలేవు.

0 నుంచి 11 నిమిషాల వరకు

ఆహ్వానం క్యాలెండర్‌లోకి దానంతటదే ఎక్కేసింది. గూగుల్ క్యాలెండర్‌లో వచ్చిన ప్రతి ఆహ్వానాన్నీ చేర్చుకునే సెట్టింగు ఉంటుంది, అది ఆన్‌లో ఉంది. మీటింగు టైముకు పది నిమిషాల ముందు రిమైండర్ మోగింది. నోటరీకి అది "నా క్యాలెండర్‌లోని అపాయింట్‌మెంటు" లాగా కనిపించింది, తెలియనివాడి మెయిలు లాగా కాదు. మోసగాళ్లు క్యాలెండర్‌ను ఎంచుకునేది ఈ భ్రమ కోసమే.

లింకులో "జూమ్" అనే మాట ఉంది, "యూఎస్" అనే మాటా ఉంది. కానీ వరుస చూడాలి. అడ్రసులో మొదటి ఒంటి ఏటవాలు గీత (/) వచ్చేచోట ఆగి, అక్కడి నుంచి ఎడమవైపుకు చదవాలి. గీతకు ఆనుకుని "జూమ్ డాట్ యూఎస్" అని ఉండి, దానికి ఎడమవైపు చుక్క గానీ జంట గీతలు (//) గానీ ఉంటేనే జూమ్ వాళ్లది. ఈ లింకులో గీతకు ముందున్నది ఏదో "మీటింగ్ సపోర్ట్ డాట్ ఆన్‌లైన్" లాంటి పేరు. "జూమ్ డాట్ యూఎస్" దానికి ఎడమవైపు అలంకారంగా తగిలించారు.

నొక్కగానే వచ్చిన పేజీ అచ్చం వెయిటింగ్ రూములా ఉంది. మూడు పేర్లు, ఒక గుండ్రటి బొమ్మ, "హోస్ట్ మిమ్మల్ని లోపలికి అనుమతిస్తున్నారు" అనే మాట. కొన్ని సెకన్లకు ఎర్ర పట్టీ వచ్చింది: మీ మైక్రోఫోన్ పనిచేయడం లేదు. కింద "సరిచేయండి" అనే బటన్, అది నొక్కాక చేయాల్సిన మూడు అడుగులు ఉన్నాయి. విండోస్ బటన్‌తో ఆర్ నొక్కండి, కంట్రోల్‌తో వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. భద్రతా రంగంలో "క్లిక్‌ఫిక్స్" అని పిలిచే ఎత్తు ఇది. పేజీలోని "సరిచేయండి" బటన్ నొక్కినప్పుడే ఒక పొడుగాటి పవర్‌షెల్ (విండోస్‌కు ఆదేశాలిచ్చే టూలు) ఆదేశం క్లిప్‌బోర్డులోకి కాపీ అయిపోతుంది. విండోస్, ఆర్ నొక్కితే తెరుచుకునేది రన్ డబ్బా. దాని వెడల్పు చాలా తక్కువ. అందులో పేస్ట్ చేశాక కర్సర్ చివర్లో నిలుస్తుంది కాబట్టి ఆదేశం తోక మాత్రమే కంటికి కనిపిస్తుంది. ఆ తోకలో మోసగాడు ఒక వ్యాఖ్య పెడతాడు: "మీటింగ్ ఆడియో ధృవీకరణ, నంబరు 48213". నోటరీ చూసింది ఆ ముక్కనే. అసలు ఆదేశం ఎడమవైపు, డబ్బా అంచు దాటి ఉండిపోయింది. కీబోర్డు మీద హోమ్ బటన్ ఒక్కసారి నొక్కి ఉంటే "పవర్‌షెల్" అన్న మాట బయటపడేది.

బ్రౌజర్ దీన్ని ఎందుకు ఆపలేదు? ఏ ఫైలూ డౌన్‌లోడ్ కాలేదు కనుక. యాంటీవైరస్ ఎందుకు ఊరుకుంది? ఆదేశం ఇచ్చింది కంప్యూటరు యజమానే కనుక, ఆ తర్వాత దిగింది స్క్రీన్‌కనెక్ట్ అనే, దూరం నుంచి కంప్యూటరును నడిపే మామూలు రిమోట్ సపోర్ట్ టూలు కనుక. ఐటీ వాళ్లు రోజూ వాడే టూలు అది, అసలు కంపెనీ డిజిటల్ సంతకం ఉన్నది. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు విండోస్ "ఈ యాప్‌ను మార్పులు చేయనివ్వాలా" అని అడిగింది. నోటరీ అడ్మిన్ ఖాతాలో ఉన్నారు, "యస్" నొక్కితే సరిపోయింది. మామూలు ఖాతా అయితే అడ్మిన్ పాస్‌వర్డు అడిగేది. మైకు సరిచేయడానికి పాస్‌వర్డు ఎందుకని మనిషి ఒక్క క్షణమైనా ఆలోచించే చోటు అదొక్కటే. ఆ చోటు కూడా లేకుండా పోయింది.

11వ నిమిషానికి పేజీ "హోస్ట్ మీటింగును వాయిదా వేశారు" అని చూపించి మూతపడింది. నోటరీ వేరే పనిలో పడ్డారు.

లోపల ఏం వెతికారు

డబ్బు కోసం బ్యాంకు ఖాతా చూస్తారని అందరూ అనుకుంటారు. అది చూస్తారు కూడా. కానీ నోటరీ ల్యాప్‌టాప్‌లో దానికన్నా విలువైన సరుకు ఉంటుంది.

డిజిటల్ సర్టిఫికెట్ అందులో మొదటిది. ఈ ఆఫీసులో సర్టిఫికెట్ కొన్నప్పుడు వచ్చిన పీఎఫ్ఎక్స్ ఫైలు (సర్టిఫికెట్, దాన్ని వాడే రహస్య కీ ఉన్నది) డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంది. దాని పాస్‌వర్డు మెయిల్‌బాక్సులో, సర్టిఫికెట్ కంపెనీ పంపిన మెయిలులోనే ఉంది. ఈ రెండూ దొరికాక ఇక చేయాల్సిన పనేమీ లేదు. దొంగ చేతికి తాళమిచ్చినట్టే. ఆ తర్వాత సీలు బొమ్మ, పారదర్శక నేపథ్యంతో ఉన్న పీఎన్‌జీ ఫైలు. దాన్ని ఏ పీడీఎఫ్ మీదైనా అతికించి ప్రింట్ తీస్తే కాగితం మీద అసలు సీలుకూ దానికీ తేడా కనిపించదు. ఖాళీ స్థలాల యజమానుల్లా నటించి వాటిని అమ్మేసే ముఠాలకు కావాల్సింది సరిగ్గా ఇదే.

ఆ తర్వాత బ్రౌజర్ కుకీలు. నోటరీ ప్లాట్‌ఫారానికి రెండంచెల లాగిన్ ఉంది, కానీ లాగిన్ అయ్యాక పుట్టే సెషన్ కుకీని (లాగిన్ అయినట్టు బ్రౌజర్ దాచుకునే గుర్తు) ఎత్తుకెళితే రెండో అంచె మళ్లీ అడగదు. చివరగా పాత క్లయింట్ల డ్రైవింగ్ లైసెన్సు ఫొటోలు, జర్నల్ (చేసిన ప్రతి నోటరీ పనినీ రాసే రిజిస్టరు) కాపీలు. కొందరు నోటరీలు "అవసరం పడొచ్చు" అని గుర్తింపు కార్డుల ఫొటోలు డెస్క్‌టాప్ మీదే దాస్తారు. చట్టం అడగని కాపీ దగ్గర పెట్టుకోవడమంటే నెత్తిన లేని బరువు ఎక్కించుకోవడమే.

మెయిల్‌బాక్సులో ఒక రూలు కూడా పెట్టి వెళ్లారు. సర్టిఫికెట్ కంపెనీ నుంచి, ప్లాట్‌ఫారం నుంచి వచ్చే మెయిళ్లన్నీ ఇన్‌బాక్సుకు రాకుండా ఒక మారుమూల ఫోల్డర్‌లోకి పోయి, చదివినట్టు గుర్తు పడిపోతాయి. ఆ ఫోల్డర్‌ను ఎవరూ తెరవరు. దాన్ని ఎంచుకున్నది అందుకే.

మొదటి తప్పులు

మర్నాడు అసిస్టెంటు గమనించింది: మౌస్ పాయింటర్ దానంతటదే కదిలింది. అప్పుడు చేసిన పనులు చాలామంది చేసేవే. ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేశారు. స్క్రీన్‌కనెక్ట్ సర్వీసుగా కూర్చుని ఉంది కాబట్టి రీస్టార్ట్‌తో పాటు అదీ మళ్లీ లేచింది. యాంటీవైరస్ నడిపితే "ఏమీ లేదు" అంది. అదే ల్యాప్‌టాప్‌లో కూర్చుని పాస్‌వర్డులన్నీ మార్చారు. కొత్త పాస్‌వర్డులు కొట్టేటప్పుడు అవతలివాడు తెర చూస్తూనే ఉన్నాడు.

సరైన వరుస వేరు. ముందు వైఫై ఆపాలి, కేబుల్ ఉంటే పీకాలి. యంత్రాన్ని ఆఫ్ చేయకూడదు, ఎందుకంటే మెమరీలో ఉన్న ఆధారాలు ఆఫ్ చేస్తే పోతాయి. ఏ ఫైలునూ తుడిచేయకూడదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ల్యాప్‌టాప్ దగ్గరికి పోని వేరే కంప్యూటరు నుంచో, ఫోను నుంచి మొబైల్ డేటా మీదో మొదట ఈమెయిల్ పాస్‌వర్డు మార్చి, "అన్ని పరికరాల నుంచి సైన్ ఔట్" కొట్టాలి. ఈమెయిల్ మొదట ఎందుకంటే మిగతా ఖాతాలన్నీ పాస్‌వర్డు రీసెట్ లింకును అక్కడికే పంపుతాయి. రూల్స్, ఫార్వార్డింగ్, అనుమతి ఇచ్చిన యాప్‌ల జాబితా చూడాలి. ఆ తర్వాతే ప్లాట్‌ఫారం, బ్యాంకు, సర్టిఫికెట్ కంపెనీ.

ల్యాప్‌టాప్‌ను చూసే ఐటీ మనిషికి మూడు చోట్లు చాలు. సర్వీసుల జాబితాలో "స్క్రీన్‌కనెక్ట్ క్లయింట్" అని, పక్కన బ్రాకెట్లో 16 అక్షరాల, అంకెల కలగాపులగం ఉంటే అదే. విండోస్ సిస్టమ్ లాగ్‌లో 7045 అనే ఈవెంట్ కొత్త సర్వీసు ఏ నిమిషంలో పుట్టిందో చెబుతుంది. మూడోది విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు), ఎక్స్‌ప్లోరర్ కింద ఉండే రన్ఎంఆర్‌యూ అనే చోటు. రన్ డబ్బాలో ఎంటర్ కొట్టిన ఇటీవలి ఆదేశాలను విండోస్ అక్కడ రాసిపెట్టుకుంటుంది. ఈ కేసులో నోటరీ చూడని ఎడమవైపు భాగమంతా అక్కడ దొరికింది. తెలివైన దొంగ దాన్ని తుడిచేస్తాడు, చాలామంది తుడవరు.

ఇంత చూశాక ల్యాప్‌టాప్‌ను శుభ్రం చేద్దామనుకోవద్దు. ఆధారాల కాపీ తీసి, డిస్కు మొత్తం చెరిపేసి, విండోస్ కొత్తగా వేయాలి. ఒక రిమోట్ టూలు దొరికిందంటే రెండోది కూడా ఉంటుందనే అనుకోవాలి. మొదటిది పట్టుబడుతుందని వాళ్లకూ తెలుసు.

డబ్బు బదిలీ అయ్యుంటే ఇంకేదీ ఆలోచించకుండా బ్యాంకు మోస విభాగానికి ఫోన్ చేయాలి, వెంటనే ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రమైన ఐసీ3లో నమోదు చేయాలి. మొదటి 72 గంటలు దాటితే వైర్ డబ్బును వెనక్కి రప్పించే అవకాశాలు బాగా సన్నగిల్లుతాయి.

సర్టిఫికెట్ రద్దు: అందరూ తప్పు రాసే ఒక గడి

సర్టిఫికెట్ కంపెనీకి ఫోన్ చేసి రద్దు చేయించడం అందరికీ తెలిసిన పనే. పొరపాటు జరిగేది తేదీ దగ్గర. ఫిర్యాదు చేసిన రోజు గురువారం, తాళంచెవి, అంటే సంతకం చేసే ప్రైవేట్ కీ, పోయింది బుధవారం ఉదయం అనుకోండి. రద్దు గురువారం నుంచి అని మాత్రమే రాస్తే బుధవారం మధ్యాహ్నం దొంగ చేసిన సంతకం సరైనదిగానే చెలామణి అవుతుంది. అందుకే కారణం గడిలో "ప్రైవేట్ కీ దొంగతనం" అని ఎంచుకుని, తాళం ఎప్పుడు పోయిందో ఆ సమయాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ సమయం ఎక్కడి నుంచి వస్తుంది? 7045 ఈవెంట్ నుంచి. ల్యాప్‌టాప్‌ను తొందరపడి తుడిచేస్తే ఏం పోగొట్టుకుంటారో ఇక్కడ తెలుస్తుంది.

పాత దస్తావేజుల సంగతేమిటని క్లయింట్లు కంగారు పడతారు. సంతకంతో పాటు విశ్వసనీయ టైమ్‌స్టాంపు (బయటి సంస్థ వేసే సమయ ముద్ర) ఉన్నవి, రద్దు సమయానికి ముందువి, నిలబడతాయి. టైమ్‌స్టాంపు లేకుండా ల్యాప్‌టాప్ గడియారం మీద ఆధారపడినవి చిక్కులో పడతాయి, ఎందుకంటే ఆ గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు. మీ ప్లాట్‌ఫారం టైమ్‌స్టాంపు వేస్తుందో లేదో ఇవాళే ఒక పాత పీడీఎఫ్ తెరిచి సంతకం వివరాల్లో చూసుకోండి.

నోటరీ కమిషన్ ఇచ్చిన అధికారికి, సాధారణంగా రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు, తెలియజేయడం మర్యాద కోసం చేసే పని కాదు. టెక్సస్ చట్టం ఎలక్ట్రానిక్ సంతకం, సీలు దొంగతనమైతే పోలీసులకూ సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కూ వెంటనే చెప్పాలంటుంది. "పరువు పోతుంది" అని వారం ఆగిన నోటరీ ఆ వారంలో పడ్డ ప్రతి దొంగ సీలుకూ సంజాయిషీ చెప్పుకోవాలి.

నోటరీలు పూచీగా పెట్టే బాండు ఉంది కదా అనే ధీమా వద్దు. టెక్సస్‌లో 10,000, కాలిఫోర్నియాలో 15,000, ఫ్లోరిడాలో మామూలు నోటరీకి 7,500 డాలర్ల బాండు ఉంటుంది నిజమే. అది కాపాడేది నోటరీ వల్ల నష్టపోయిన జనాన్ని. జనానికి కట్టిన సొమ్మును బాండు కంపెనీ నోటరీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. పొరపాట్లకు తీసుకునే బీమాలో సైబర్ దొంగతనం ఉందో లేదో పాలసీ చదివి తేల్చుకోవాలి.

నేను వేసిన సీలు కాదని ఎలా నిరూపించాలి

కౌంటీ రికార్డర్ ఆఫీసుల్లో దస్తావేజుల సూచిక ఇచ్చినవాళ్ల పేరు, పుచ్చుకున్నవాళ్ల పేరు మీద ఉంటుంది. నోటరీ పేరు మీద వెతికే దారి సాధారణంగా ఉండదు. కాబట్టి తన సీలుతో ఎక్కడ ఏం నమోదైందో నోటరీకి తెలిసే మార్గం లేదు, ఎవరో బాధితుడు ఫోన్ చేసేదాకా. ఇల్లు పోయిందని చెప్పే ఆ ఫోను ఎప్పుడైనా రావొచ్చు.

అప్పుడు చేతిలో ఉండాల్సింది జర్నల్. వరుస నంబర్లు, మధ్యలో ఖాళీ లేకుండా. ఆ తేదీకి ఆ పేరుతో నమోదు లేదు, ఆ సమయానికి ప్లాట్‌ఫారంలో రికార్డింగు లేదు అని చూపించగలగాలి. ఆన్‌లైన్ రికార్డింగును వర్జీనియాలో 5 ఏళ్లు, ఫ్లోరిడాలో 10 ఏళ్లు ఉంచాలి. అదే ల్యాప్‌టాప్‌లో ఒక్క కాపీ ఉంటే దొంగ దాన్ని మార్చలేదని ఎవరు నమ్ముతారు? వారానికోసారి జర్నల్‌ను పీడీఎఫ్‌గా దించి, ఆ ల్యాప్‌టాప్‌తో సంబంధంలేని చోట, చెరపలేని విధంగా దాచిన ఆఫీసుకు ఆ ప్రశ్న ఎదురుకాదు.

తర్వాత ఏం మార్చారు

అన్నిటికన్నా ముందు గది. మీటింగు లింకు ఎప్పుడూ నోటరీ వైపు నుంచే వెళ్తుంది. క్లయింటు లింకు పంపితే జవాబు ఒకటే: "మా విధానం ప్రకారం సెషన్ మా ప్లాట్‌ఫారంలోనే. లింకు మేమే పంపుతాం. అంతకుముందు ఏదైనా అడగాలంటే ఫోన్ చేయండి." నిజమైన క్లయింటుకు దీనితో ఇబ్బందేమీ ఉండదు. మోసగాడు మాత్రం ఏదో సాకు చెబుతాడు, లేదా మాయమవుతాడు. ఇంత చవకైన జల్లెడ ఇంకొకటి లేదు.

టైటిల్ కంపెనీ (ఆస్తి హక్కులు పరిశీలించే సంస్థ) లాంటి పాత పరిచయస్తుల మీటింగులకు వెళ్లక తప్పదు. అప్పుడు లింకు నొక్కకుండా నంబరు కొట్టడం పద్ధతి. జూమ్ యాప్ తెరిచి 9 నుంచి 11 అంకెల మీటింగు నంబరు, గూగుల్ మీట్‌లో అయితే మూడు, నాలుగు, మూడుగా విడిపోయే 10 అక్షరాల కోడు. టీమ్స్‌కూ నంబరు, పాస్‌కోడ్ ఉంటాయి. దొంగ పేజీకి ఇవేవీ ఉండవు, ఉన్నా అసలు యాప్‌లో పనిచేయవు. యాప్ అప్‌డేట్ కావాలన్నా యాప్‌లోపలే "చెక్ ఫర్ అప్‌డేట్స్" నొక్కాలి. మీటింగు పేజీ అప్‌డేట్ అడిగినా, ఏదైనా కాపీ చేసి పేస్ట్ చేయమన్నా, టెర్మినల్ తెరవమన్నా అక్కడితో ఆపేయాలి. ఏ మీటింగు సాఫ్ట్‌వేరూ రన్ డబ్బాతో మైకు బాగుచేయదు.

సర్టిఫికెట్‌ను యూఎస్‌బీ టోకెన్‌లోకి మార్చారు. టోకెన్‌లో పుట్టిన ప్రైవేట్ కీని ఫైలుగా బయటికి తీయడం కుదరదు. టోకెన్ అయినా ల్యాప్‌టాప్‌కు రోజంతా గుచ్చి వదిలేస్తే ఉపయోగం సగమే. పిన్ ఒకసారి కొట్టాక కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని గుర్తుంచుకుంటాయి, రిమోట్‌గా కూర్చున్నవాడు అప్పుడు సంతకం చేసేయొచ్చు. సెషన్ అయిపోగానే పీకి జేబులో వేసుకోవాలి.

ల్యాప్‌టాప్‌లు రెండయ్యాయి. ఒకటి నోటరీ పనికి మాత్రమే, అందులో ఈమెయిల్ ఉండదు. రెండింటిలోనూ రోజువారీ ఖాతాకు అడ్మిన్ హక్కులు లేవు. అడ్మిన్ పాస్‌వర్డు కాగితం మీద రాసి బీరువాలో పెట్టారు. ఇది పాత పద్ధతేనని నవ్వేవాళ్లున్నారు. బీరువాలోని కాగితాన్ని ఇంటర్నెట్ నుంచి ఎవరూ చదవలేరు కదా.

అసలు జూమ్, దొంగ మనిషి

లింకు అసలుదే అయినా కథ అయిపోలేదు. 2025లో బయటపడిన "ఎల్యూసివ్ కామెట్" ముఠా నిజమైన జూమ్ మీటింగుల్లోనే పనిచేసింది. బాధితుడు తన తెర పంచుకోగానే, ఎదుటివాడు తన పేరును "జూమ్" అని మార్చుకుని రిమోట్ కంట్రోల్ అడుగుతాడు. తెర మీద వచ్చేది "జూమ్ మీ తెర మీద నియంత్రణ కోరుతోంది" అనే డబ్బా. సాఫ్ట్‌వేరే అడుగుతోందనుకుని అనుమతిస్తారు. దీనికి మందు చిన్నదే: జూమ్ వెబ్‌సైట్‌లో ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి, మీటింగు విభాగంలో రిమోట్ కంట్రోల్ ఆపేయాలి. మ్యాక్ వాడేవాళ్లు ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద యాక్సెసిబిలిటీ జాబితాలోంచి జూమ్‌ను తీసేస్తే ఆ నియంత్రణ పనిచేయదు. తెర పంచుకోవడం కూడా హోస్ట్‌కు మాత్రమే ఉంచండి.

డీప్‌ఫేక్ ముఖాల సంగతి ఇంకో మెట్టు పైన. 2024 ఆరంభంలో ఆరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ హాంకాంగ్ ఉద్యోగి ఒకరు వీడియో కాన్ఫరెన్సులో పై అధికారులను చూశానని నమ్మి సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపించేశారు. తెర మీదున్నవాళ్లు నకిలీలు. ముఖం పక్కకు తిప్పమనడం, చేతిని ముఖం ముందు నుంచి పోనివ్వమనడం, కార్డును వంచి మెరిసే ముద్ర చూపించమనడం ఇప్పటికీ చేయాల్సినవే. నకిలీ ముఖం అంచులు, చెవుల దగ్గర చెదిరేది అలాంటప్పుడే. కానీ వీటినే నమ్ముకుంటే లాభం లేదు, నెలనెలా ఆ నకిలీలు నునుపు దేరుతున్నాయి. గుర్తింపు వీడియో బయట తేలాలి. కార్డు విశ్లేషణను, చాలా రాష్ట్రాలు అడిగే, ఆ మనిషి పాత వివరాల మీద ఉండే ప్రశ్నల పరీక్షను ప్లాట్‌ఫారం చేస్తుంది: కనీసం 5 ప్రశ్నలు, 2 నిమిషాలు, 80 శాతం సరైన జవాబులు. దొంగిలించిన సమాచారంతో ప్రశ్నలు దాటేవాళ్లున్నారు కాబట్టి ఆస్తి కాగితాలైతే ఇంకో పని: పన్ను రికార్డులో ఉన్న చిరునామాకు ఉత్తరం రాయాలి, లేదా క్లయింటు ఇవ్వని మార్గంలో సంపాదించిన నంబరుకు ఫోన్ చేయాలి. ఖాళీ స్థలం, అప్పు లేనిది, మార్కెట్ ధరకంటే తక్కువకు తొందరగా అమ్మకం, యజమాని వేరే రాష్ట్రంలో ఉండటం నాలుగూ కలిసొస్తే ఆ ఫోను చేయకుండా సెషన్ మొదలుపెట్టకండి. రెండు రోజులు ఆలస్యమవుతుందంటే నిజమైన యజమాని విసుక్కుంటాడు, అంతే.

మళ్లీ మోగే రిమైండర్

ఈ తరహా కేసుల్లో తరచూ మరిచిపోయేది క్యాలెండర్. ల్యాప్‌టాప్ కొత్తది, పాస్‌వర్డులు కొత్తవి, సర్టిఫికెట్ కొత్తది. కానీ దొంగ పంపిన ఆహ్వానం వారం వారం రిపీట్ అయ్యేలా పెట్టి ఉంటుంది, క్యాలెండర్ క్లౌడ్‌లో ఉంటుంది కాబట్టి కొత్త యంత్రంలోకీ దిగుతుంది. వచ్చే వారం అదే గంటకు అదే జాయిన్ బటన్‌తో మళ్లీ మోగుతుంది, ఈసారి కుర్చీలో అసిస్టెంటు ఉండొచ్చు. దాన్ని "డిక్లైన్" కొట్టి తీసేయొద్దు, తిరస్కరణ అవతలివాడికి చేరుతుంది, ఈ అడ్రసు సజీవంగా ఉందని తెలిసిపోతుంది. స్పామ్‌గా రిపోర్ట్ చేసి ఆ వరుస మొత్తాన్ని తొలగించాలి. తర్వాత సెట్టింగుల్లో ఆహ్వానాల గడిని "పంపినవారు తెలిసినవారైతేనే" అని మార్చి, అసిస్టెంటు క్యాలెండర్‌లో, నోటరీ ఫోనులో కూడా ఆ సంఘటన పోయిందో లేదో తెరిచి చూడాలి.